మఠపు తోటలో బఠాణీలు

పరిణామ పాఠం చదివితే పిల్లల విశ్వాసం చెడుతుందని భయపడుతున్నారా? అయితే అగస్టీను సభ గురువు గ్రెగర్ మెండెల్‌ను తెలుసుకోండి. 1822లో రైతుబిడ్డగా పుట్టిన ఈయన ఉపాధ్యాయ పరీక్ష తప్పినా నిరాశపడలేదు. 1856 నుండి బ్ర్నో నగరంలోని మఠపు తోటలో వేలాది బఠాణీ మొక్కలను పరీక్షించారు. పొడవు, పొట్టి జాతులను కలిపితే మొదటి తరంలో అన్నీ పొడవే. రెండో తరంలో సుమారు నాలుగింట ఒకటి పొట్టి! అంటే ఆ లక్షణం నశించలేదు, దాగి ఉంది.

బ్రతుకుకు అనువైన లక్షణాలు గల జీవులే నిలిచి వృద్ధి పొందుతాయని 1859లో డార్విన్ చెప్పారు. అయితే ఆ లక్షణాలు తరతరాలకూ పలచబడిపోవా? ఈ చిక్కుకు జవాబు మెండెల్ 1866లో అచ్చువేసిన వ్యాసంలోనే ఉంది. కాని లోకం దాన్ని గుర్తించింది 1900లో. మఠాధిపతిగా ఆయన 1884లోనే మరణించారు.

మీ పిల్లలను ప్రశ్నించనివ్వండి. సృష్టిని పరిశీలించడం సృష్టికర్తను కాదనడం కాదు.