రైతు పక్షాన ఆచార్య రంగా

రాజకీయ నాయకుని ముందు పోరాడవలసిన సమస్యలు ఎప్పుడూ అనేకం ఉంటాయి. అన్నింటికోసమూ పోరాడే శక్తి ఏ ఒక్కరికీ ఉండదు. ఉన్నత పదవి చేరువలో ఉన్నవేళ దేనికి పట్టుపట్టాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న ప్రశ్న మరింత కఠినమవుతుంది. 1959లో ఆచార్య గోగినేని రంగనాయకులు ఎదుర్కొన్నది ఈ ప్రశ్ననే. లోకం ఆయనను ఎన్.జి. రంగాగా ఎరుగును.

రంగా 1900 నవంబరు 7న గుంటూరు జిల్లా నిడుబ్రోలులో రైతు కుటుంబంలో జన్మించారు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రం అభ్యసించి స్వదేశానికి తిరిగివచ్చి, మద్రాసు పచ్చయప్ప కళాశాలలో ఆచార్యులుగా పనిచేశారు. ఉద్యోగం కొన్నాళ్లే చేసినా, దాని వల్ల వచ్చిన ‘ఆచార్య’ పదం ఆయన పేరును జీవితాంతం అంటిపెట్టుకొనే ఉంది. 1930లో గాంధీజీ పిలుపునందుకొని జాతీయోద్యమంలో ప్రవేశించారు. ఆయన అర్ధాంగి భారతీదేవి కూడా ఆ ఉద్యమంలో పాల్గొన్నారు.

ఆ రోజులలో కోస్తా జిల్లాలలో జమీందారీ గ్రామాల రైతుల స్థితి దయనీయంగా ఉండేది. దున్నేవాడు ఒకడు, శిస్తు నిర్ణయించేవాడు మరొకడు. రంగా వెంకటగిరి జమీందారీ రైతుల పక్షాన ఉద్యమం నడిపారు. నిడుబ్రోలులో రైతు కార్యకర్తల శిక్షణకై విద్యాలయాన్ని నెలకొల్పారు. 1936లో అఖిల భారత కిసాన్ సభ ఏర్పడినప్పుడు దాని తొలి నాయకులలో ఆయన ఒకరు. ఆ ఏడాది చివర ఫైజ్‌పూర్‌లో జరిగిన రెండవ మహాసభకు అధ్యక్షత వహించారు. జమీందారీల రద్దును ఆయన మనసారా కోరారు. ఈ సంగతి గుర్తుంచుకొంటే గాని తరువాతి కథ సరిగా బోధపడదు.

స్వాతంత్ర్యానంతరం ఆయన రాజకీయ జీవితం ఒడిదుడుకులతో సాగింది. 1951లో ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష ఎన్నికలో నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయి, కాంగ్రెసును వీడి కృషికార్ లోక్ పార్టీని స్థాపించారు. 1955 ఎన్నికలలో కాంగ్రెసుతో చేతులు కలిపారు. 1957లో తెనాలి నుండి కాంగ్రెస్ అభ్యర్థిగా లోక్‌సభకు ఎన్నికై, ఆ పార్టీ పార్లమెంటరీ పక్షానికి కార్యదర్శి అయ్యారు. నెహ్రూ నాయకత్వాన పార్టీకి తిరుగులేని కాలమది. మౌనంగా ఉండిపోతే మంత్రి పదవికి దారి సుగమమయ్యే స్థానమది.

1959 జనవరిలో నాగపూరులో జరిగిన కాంగ్రెస్ మహాసభ ఒక తీర్మానాన్ని ఆమోదించింది. రైతులు తమ కమతాలను ఒకటిగా చేర్చి ఉమ్మడి సహకార వ్యవసాయం చేయాలన్నది దాని సారాంశం. భూమిపై హక్కు రైతుదే. ఫలసాయంలో భూమిని బట్టి, శ్రమను బట్టి వాటా లభిస్తుంది. చూడటానికి ఇది న్యాయంగానే తోస్తుంది. చిన్న కమతాలతో అధికోత్పత్తి కష్టమన్న ఆలోచన దాని వెనుక ఉంది. దానిని దురాలోచన అనడానికి వీలులేదు. కాని రంగా వంటి వ్యతిరేకులు మరొక కోణం చూపారు. ఏ పైరు వేయాలి, ఎప్పుడు కోయాలి, ఎవరికి అమ్మాలి అన్న నిర్ణయం చేయిజారినప్పుడు పట్టా కాగితం మీది హక్కు ఎందుకు పనికివస్తుంది? నిన్న జమీందారు చేతిలో ఉన్న పెత్తనం రేపు అధికారుల చేతికి పోతుందని వారు భయపడ్డారు. మహాసభలో చరణ్‌సింగ్ కూడా తీర్మానాన్ని ఎదిరించారు గాని, ఆయన అప్పట్లో పార్టీని వీడలేదు. రంగా పదవినీ పార్టీనీ రెండింటినీ విడిచారు.

ఆ ఏడాది జూన్ 4న మద్రాసులో స్వతంత్ర పార్టీ స్థాపన ప్రకటితమైంది. చక్రవర్తి రాజగోపాలాచారి దానికి మార్గదర్శి, రంగా అధ్యక్షులు. వ్యక్తి స్వేచ్ఛ, ఆస్తి హక్కు, ప్రభుత్వ జోక్యానికి హద్దులు ఆ పార్టీ ప్రధాన ఆశయాలు. దాని మౌలిక సూత్రాలు 21. వాటి పరిధిలోకి రాని విషయాలలో సభ్యులు తమ అభిప్రాయం ప్రకారం నడచుకోవచ్చునన్నది వాటిలో ఒకటి. భాష వంటి వివాదాలతో పార్టీ చీలిపోకుండా, ఎంచుకొన్న పోరాటానికే శక్తిని మిగుల్చుకొనే ఉపాయమిది. ఇంత స్వేచ్ఛను సభ్యులకిచ్చిన పార్టీలు మన దేశంలో అరుదు.

ఆ పార్టీకి కళంకమూ లేకపోలేదు. మాజీ సంస్థానాధీశులు, పెద్ద జమీందారులు కొందరు అందులో చేరారు. జమీందారీలపై పోరాడిన వ్యక్తి వారి సరసన కూర్చోవడం విమర్శకులకు ఆయుధమైంది. ఆ విమర్శను తేలికగా తోసిపుచ్చలేము.

1962 ఎన్నికలలో పార్టీకి లోక్‌సభలో 18 స్థానాలు లభించాయి గాని, అధ్యక్షుడు తెనాలిలో ఓడిపోయారు. అనంతశయనం అయ్యంగారు బీహారు గవర్నరుగా వెళ్లడంతో ఖాళీ అయిన చిత్తూరు స్థానానికి జరిగిన ఉపఎన్నికలో గెలిచి సభలో ప్రవేశించారు. 1964లో వచ్చిన 17వ రాజ్యాంగ సవరణ రైతువారీ భూములను కూడా ‘ఎస్టేటు’ నిర్వచనంలోకి చేర్చింది. దానివలన ఆ భూములకు సంబంధించిన చట్టాలను ప్రాథమిక హక్కుల పేరిట న్యాయస్థానంలో ప్రశ్నించే అవకాశం సన్నగిల్లింది. స్వతంత్ర పార్టీ ఆ సవరణను తీవ్రంగా వ్యతిరేకించింది. సవరణ నెగ్గింది. అయితే గరిష్ఠ పరిమితికి లోబడి సొంతసాగులో ఉన్న భూమిని ప్రభుత్వం తీసుకొంటే మార్కెట్ విలువకు తగ్గని పరిహారం చెల్లించాలన్న నిబంధన కూడా అందులో చేరింది.

1967లో రంగా శ్రీకాకుళం నుండి గెలిచారు. 44 స్థానాలతో స్వతంత్ర పార్టీ లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షమైంది. 1971లో ఆ సంఖ్య 8కి పడిపోయింది. రంగా కూడా ఓడిపోయారు. మరుసటి ఏడాది ఆయన కాంగ్రెసులో చేరిపోయారు. పన్నెండేళ్లు ఎదిరించిన పార్టీలోకి తిరిగిపోవడం ఆయన అనుయాయులలో చాలామందికి మింగుడుపడలేదు. 1980, 1984, 1989 ఎన్నికలలో గుంటూరు ప్రజలు ఆయననే లోక్‌సభకు పంపారు. ఆరు దశాబ్దాల చట్టసభల జీవితంలో ఆయన ఒక్కసారైనా మంత్రి కాలేదు. నాగపూరు తీర్మానం కోరిన ఉమ్మడి వ్యవసాయం మాత్రం దేశవ్యాప్తంగా ఎన్నడూ అమలు కాలేదు.

1991లో ఆయనకు పద్మవిభూషణ్ పురస్కారం లభించింది. 1995 జూన్ 9న కన్నుమూశారు. మరుసటి సంవత్సరం రాష్ట్ర వ్యవసాయ విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టారు.