మాల్థస్ పండితుడు – మన నందన కరవు

1833లో జాన్ లిన్నెల్ అనే ఆంగ్ల చిత్రకారుడు ఒక వృద్ధ మతాచార్యుని రూపాన్ని తైలవర్ణాలలో చిత్రించాడు. నల్లని కోటు, మెడకు తెల్లని వస్త్రం, శాంతమైన ముఖం. చూచినవారికి ఎవరో పల్లెటూరి చర్చి గురువుగారని తోస్తుంది. ఆయనే జనసంఖ్యను గూర్చి వ్రాసి లోకాన్ని కలవరపెట్టిన థామస్ రాబర్ట్ మాల్థస్. ఉగాది సంచికలో ఈయన ప్రసంగమెందుకని పాఠకులు అడుగవచ్చు. ఆయన జీవితం తెలుగువారి చరిత్రను రెండు చోట్ల తాకుతున్నది గనుక దీనికి పూనుకొన్నాము.

మాల్థస్ 1766 ఫిబ్రవరిలో ఇంగ్లండులోని సర్రే మండలంలో, కలిగిన ఇంట జన్మించాడు. పుట్టుకతోనే గ్రహణపు మొర్రి ఉండడంచేత మాట స్పష్టంగా ఉండేది కాదు. అయినా కేంబ్రిడ్జిలో గణితంలో తొమ్మిదవ స్థానం పొంది, మతాచార్యుడై, ఒక చిన్న పల్లె చర్చిలో పనిచేశాడు. తండ్రి మానవజాతికి స్వర్ణయుగం రానున్నదని నమ్మేవాడు. ఆ తండ్రితో జరిగిన వాదమే 1798లో పేరు లేకుండా ఒక గ్రంథమై వెలువడింది. అడ్డు లేకపోతే జనం ఇరువదియైదేండ్లకొకసారి రెట్టింపవుతారు, ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిదిగా. తిండి మాత్రం ఒకటి, రెండు, మూడు, నాలుగుగానే పెరుగుతుంది. ఆ తేడాను ఆకలి, రోగం, యుద్ధం సరిచేస్తాయి. ఇదీ ఆయన లెక్క. బీదలకిచ్చే ధర్మం బీదలనే పెంచుతుందని కూడా వాదించినందున కఠినుడని పేరుపడ్డాడు. ఎరిగినవారికి మాత్రం ఆయన మెత్తని మనిషి. అర్థశాస్త్ర విషయాలలో తనతో విభేదించిన రికార్డోతో కడవరకు స్నేహం చెడనీయలేదు.

1805లో ఆయన ఈస్టిండియా కంపెనీ కళాశాలలో చరిత్ర, అర్థశాస్త్రాల ఆచార్యుడైనాడు. కొద్దికాలానికి ఆ కళాశాల హెయిలీబరీకి మారింది. మన దేశాన్ని ఏలుటకు వచ్చే దొరలు చదువుకొన్నది అక్కడే. వారిలో ఒకరు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్. 1817లో మద్రాసులో దిగి, తరువాత తెలుగు నిఘంటువు కూర్చి, వేమన పద్యాలను వెలికితెచ్చిన మహానుభావుడు.

ఇక రెండవ సంబంధం దుఃఖకరమైనది. లిన్నెల్ ఆ చిత్రాన్ని వ్రాసిన కాలంలోనే గుంటూరు సీమలో నందన కరవు విలయతాండవం చేసింది. 1832 ఉగాదినాడు పంచాంగంలో విన్న ఆ పేరుకు అర్థం ఆనందం! జనం డొక్కలు ఎండి మలమల మాడారు గనుక డొక్కల కరవు అనికూడా అన్నారు. ఊళ్లు విడిచి మద్రాసు బాట పట్టినవారిలో ఎందరో దారిలోనే రాలిపోయారు. మృతులు లక్షకు మించారు. అప్పుడు ఆ సీమలోనే ఉద్యోగంలో ఉన్న బ్రౌన్, దానిని కొరత అని కప్పిపుచ్చక కరవు అనే వ్రాశాడు, ఆకలిగొన్నవారికి సాయపడ్డాడు. ఆకలిచావును లెక్కలోని అంకెగా చూడలేదన్నమాట.

మాల్థస్ 1834 డిసెంబరులో బాత్ నగరంలో మరణించాడు. తరువాత డార్విన్ ఆయన గ్రంథం చదివే తన జీవపరిణామ సిద్ధాంతానికి త్రోవ కనుగొన్నాడు. కాని తెలుగునేల ఆయనకు వేరొక జవాబు చెప్పింది. కాటన్ దొర 1847లో ధవళేశ్వరం వద్ద గోదావరికి ఆనకట్ట ఆరంభించి 1852కు పూర్తిచేయించాడు. 1855 నాటికి బెజవాడ వద్ద కృష్ణకూ ఆనకట్ట ఏర్పడింది. కరవుకు మాడిన నేలలు మాగాణులైనాయి. ఆయన గ్రంథం వెలువడిననాడు సుమారు వంద కోట్లుగా ఉన్న ప్రపంచ జనం 2022లో ఎనిమిది వందల కోట్లు దాటినా, తిండి పెరుగుదల వెనుకబడలేదు.

నేల కొద్ది, నోళ్లు హెచ్చు అన్న ఆయన హెచ్చరికను మేము తోసిపుచ్చము. నీటిని వృథా చేసే జాతికి అది నేటికీ వర్తిస్తుంది. అయితే పైరుకు నీరు పెట్టే చేతిని, పొరుగువానికి పిడికెడు పెట్టే చేతిని ఆ లెక్క చేర్చుకోలేదు. బ్రతుకుతెరువుకై ఊరు విడిచి వచ్చి, ఒకరికొకరు ఆసరాగా నిలిచిన మనవంటి వారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.