జేమ్స్ ప్రెస్కాట్ జౌల్

జేమ్స్ ప్రెస్కాట్ జౌల్ (డిసెంబర్ 24, 1818 - అక్టోబర్ 11, 1889) ఇంగ్లండుకు చెందిన సుప్రసిద్ధ భౌతిక శాస్త్రవేత్త. విద్యుత్తు ప్రవహించే తీగలో ఎంత ఉష్ణం పుడుతుందో తెలిపే నియమాన్ని కనుగొన్నాడు. ఉష్ణం శక్తికి ఒక రూపమేనని ప్రయోగపూర్వకంగా నిరూపించి, శక్తి నిత్యత్వ నియమానికి పునాది వేసినవారిలో ఒకడయ్యాడు. కరెంటు పొయ్యికి ఎంత మందం తీగ వేయాలి, ఎన్ని ఆంపియర్ల బ్రేకరు పెట్టాలి అన్న లెక్కకు ఆధారం ఇతని నియమమే.

బాల్యము, విద్య

జౌల్ మాంచెస్టరు పక్కనున్న సాల్‌ఫర్డ్ పట్టణంలో జన్మించాడు. తండ్రి బెంజమిన్ జౌల్ సంపన్నుడైన బీరు తయారీదారు. చిన్నతనంలో ఆరోగ్యం సరిగా లేనందువల్ల జౌల్ ఇంటివద్దనే చదువుకున్నాడు. తరువాత అన్నతో కలిసి, పరమాణు సిద్ధాంతకర్త జాన్ డాల్టన్ వద్ద గణితం అభ్యసించాడు. 1837లో డాల్టన్‌కు పక్షవాతం రావటంతో ఆ చదువు ఆగిపోయింది. జౌల్ విశ్వవిద్యాలయంలో చదవలేదు. ఆచార్య పదవిని నిర్వహించలేదు. కుటుంబ కర్మాగారం పనులు చూసుకుంటూనే సొంత ఖర్చుతో ప్రయోగాలు చేశాడు.

విద్యుత్తు - ఉష్ణం

కర్మాగారంలోని ఆవిరి యంత్రానికి బదులు విద్యుత్ మోటారు వాడవచ్చునన్న ఆశతో 1838 ప్రాంతంలో జౌల్ పరిశోధన మొదలుపెట్టాడు. ఆనాడు విద్యుత్తు బ్యాటరీల నుండే లభించేది. బ్యాటరీలో ఖర్చయ్యే జింకు, బొగ్గు కన్నా ఎంతో ఖరీదైనదని తేలటంతో ఆ ఆశ నెరవేరలేదు. అయితే ఏ పనికి ఎంత శక్తి ఖర్చవుతున్నదో కొలిచే అలవాటు అక్కడే అబ్బింది.

తీగచుట్టను నీటిలో ముంచి, విద్యుత్తు పంపి, నీరు ఎంత వేడెక్కినదో కొలిచాడు. తీగలో పుట్టే ఉష్ణం కరెంటు వర్గానికి, తీగ నిరోధానికి, కాలానికి అనులోమానుపాతంలో ఉంటుందని కనుగొన్నాడు. 1840లో రాయల్ సొసైటీ దీని సారాంశాన్ని మాత్రమే ప్రచురించింది. పూర్తి వ్యాసం 1841లో ఫిలసాఫికల్ మాగజైన్‌లో వెలువడింది. రష్యాలో లెంజ్ స్వతంత్రంగా ఇదే ఫలితాన్ని సాధించినందున దీనిని జౌల్-లెంజ్ నియమమని కూడా అంటారు.

నియమం - కరెంటు పొయ్యి

పొయ్యి చుట్టలోను, గోడలోని తీగలోను ప్రవహించే కరెంటు ఒకటే. చుట్ట నిరోధం ఎక్కువ కనుక అది ఎర్రబడుతుంది. రాగి తీగ నిరోధం తక్కువ కనుక అది కొద్దిగానే వేడెక్కుతుంది. తీగ సన్నగా ఉన్నకొద్దీ నిరోధం, దానితో వేడి పెరుగుతాయి.

230 వోల్టుల సరఫరాపై 3000 వాట్ల పొయ్యి సుమారు 13 ఆంపియర్లు తీసుకుంటుంది. బోర్డు నుండి వంటింటికి 10 మీటర్ల దూరమైతే రానుపోను తీగ 20 మీటర్లు. అది దీపాలకు వాడే 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ అయితే అందులో సుమారు 58 వాట్ల వేడి పుడుతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల తీగలో అది 15 వాట్లకు మించదు. అదే తీగపై అటువంటి మరో పొయ్యి పెడితే కరెంటు రెట్టింపై, వేడి నాలుగింతలవుతుంది. హైదరాబాదులో సినిమా పనివారు నివసించే కృష్ణానగర్ వంటి చోట్ల, అద్దె గదిలో దీపాల తీగకే పొయ్యిని కలిపితే వచ్చే ప్రమాదం ఇదే.

బ్రేకరు ముఖ్యంగా కాపాడేది తీగను. కరెంటు మితిమీరినపుడు దానిలోని రెండు లోహాల పట్టీ వేడెక్కి, వంగి, సరఫరాను తెంచుతుంది. ఇదీ జౌల్ నియమం ప్రకారమే. షార్ట్ సర్క్యూట్ అయినపుడు మాత్రం అందులోని విద్యుదయస్కాంతం వెంటనే తెంచుతుంది. బ్రేకరు విలువ పొయ్యి కరెంటుకు తక్కువ కారాదు. తీగ భరించగల కరెంటుకు మించరాదు. పై పొయ్యికి 16 ఆంపియర్ల బ్రేకరు, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సరిపోతాయి. బ్రేకరు మాటిమాటికి పడిపోతున్నదని సన్నని తీగను అలాగే ఉంచి 32 ఆంపియర్లది పెడితే, బ్రేకరు పడకముందే తీగ తొడుగు కరిగి నిప్పంటుకోవచ్చు.

ఉష్ణపు యాంత్రిక తుల్యాంకం

1843లో కార్క్ నగరంలో జౌల్ చదివిన పత్రాన్ని శాస్త్రజ్ఞులు పట్టించుకోలేదు. పిమ్మట, కిందకు దిగే బరువులతో నీటిలో తెడ్లు తిప్పి, ఆ నీటి వేడిని కొలిచాడు. 1847లో ఆక్స్‌ఫర్డ్ సభలో యువ శాస్త్రవేత్త విలియం థామ్సన్ (తరువాతి కాలంలో లార్డ్ కెల్విన్) ఈ పని విలువను గుర్తించాడు. ఒక పౌను నీటిని ఒక ఫారన్‌హీటు డిగ్రీ వేడిచేయటానికి సుమారు 772 అడుగు-పౌన్ల పని కావాలని జౌల్ 1850లో ప్రకటించాడు. నేటి విలువ సుమారు 778. థామ్సన్‌తో కలిసి కనుగొన్న జౌల్-థామ్సన్ ఫలితం వాయువులను ద్రవీకరించటానికి తోడ్పడింది.

కుటుంబము, గౌరవాలు

1847లో అమీలియా గ్రైమ్స్‌ను వివాహమాడాడు. ఆమె 1854లో మరణించింది. 1850లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1852లో రాయల్ పతకం, 1870లో కోప్లీ పతకం అందుకున్నాడు. ఆర్థికంగా చితికిపోగా, 1878 నుండి ప్రభుత్వం సంవత్సరానికి 200 పౌన్ల పింఛను ఇచ్చింది.

మరణము

జౌల్ 1889 అక్టోబర్ 11న మాంచెస్టరు సమీపంలోని సేల్‌లో మరణించాడు. సమాధి రాతిపై 772.55 అన్న సంఖ్య చెక్కబడింది. ఇది 1878లో అతడు తిరిగి కొలిచిన తుల్యాంకం. శక్తి ప్రమాణానికి ఇతని పేరు పెట్టారు. విద్యుత్ బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు.