తీగలకు మెలిక పెట్టిన గ్రాహంబెల్

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వమని కార్యదర్శి గారు రెండుసార్లు కబురు చేశారు. సర్వీసు ముచ్చట్లు ఇప్పటికే మన పత్రికలో చాలామంది వ్రాశారు, నాకంటే బాగా వ్రాశారు. అందుకని ఈసారి మనందరికీ అన్నం పెట్టిన టెలిఫోను నిర్మాత గ్రాహంబెల్ గారి గురించి వ్రాద్దామనుకున్నాను. టెలిఫోను కనిపెట్టిన కథ పిల్లల పుస్తకాల్లో ఉన్నదే. నేను చెప్పదలచింది ఆయన చేసిన మరో పని సంగతి. దానికి టెలిఫోనుకు వచ్చినంత పేరు రాలేదు గాని, నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో రోజూ నా వేళ్ల మధ్య తిరిగింది ఆ పనే.

ఇప్పుడది గుర్తు రావడానికి కారణం మా మనవడు. సెలవుల్లో వచ్చినవాడు, మేడ మీది గదిలో కంప్యూటరుకు నెట్టు సరిగ్గా రావడం లేదని కింద నుంచి కేబులు లాగాడు. లోపల ఎనిమిది సన్న తీగలు, నాలుగు జతలు, ఏ జతకా జత మెలివేసి ఉన్నాయి. వాడు మెలికలు విప్పి, జత వెనుక జతగా వరుసలో ప్లగ్గులోకి దించి, రెండు చివరలా అలాగే నొక్కేశాడు. టెస్టరు పెడితే ఎనిమిది దీపాలూ చక్కగా వెలిగాయి. నెట్టు మాత్రం నత్తనడక.

నేను కళ్లద్దాలు పెట్టుకుని ప్లగ్గు చూశాను. ఆ ప్లగ్గులో 3, 6 స్థానాలలోని తీగలు రెండూ ఒకే జతవి కావాలి. వాడు 3, 4 ఒక జతకు, 5, 6 మరో జతకు ఇచ్చాడు. అంటే సమాచారం మోసే రెండు తీగలలో ఒకటి ఒక మెలికలోది, రెండోది ఇంకో మెలికలోది. ఏ తీగా తెగలేదు, ఏదీ దేనికీ తగలలేదు, జత మాత్రం చెదిరింది. మన జాయింటర్లు దీన్నే స్ప్లిట్ పెయిర్ అంటాము. ప్లగ్గులు కోసి మళ్లీ వేయించాను, నెట్టు దారిలో పడింది. కంప్యూటరు ముట్టుకోని తాతయ్యకు ఇదెలా తెలిసిందని వాడికి ఆశ్చర్యం.

ఎలా తెలిసిందంటే, ఒకప్పుడు ఆ తప్పు నేనే చేశాను గనుక.

1983 వానాకాలం. ఊరి పేరు వద్దు. కాగితం చుట్టిన తీగలు, పైన సీసపు తొడుగు ఉన్న పాత కేబులులోకి నీరు దిగింది. రెండు ఫర్లాంగుల ముక్క మార్చి, తెల్లవారేలోగా లైన్లు ఇవ్వాలి. ఒక చివర గుంటలో నేను, రెండో చివర నా తోటి జాయింటరు, మాకు చెరొక పెట్రోమాక్సు దీపం. బజరు పెట్టి తీగ తీగకూ మోగించి చూసుకున్నాము. అన్నీ సరిపోయాయి. రెండు జతలలో ఒక్కొక్క తీగ అటుదిటు, ఇటుదటు అయిందని బజరు చెప్పదు కదా.

మర్నాటి నుంచి రెండు ఇళ్ల ఫోన్లలో ఒకరి మాట మరొకరికి సన్నగా వినబడసాగింది. ఒక ఇంటి పెద్దాయనకు పెద్ద జబ్బని పట్నం డాక్టర్లు తేల్చారు. ఆయనకు తెలియనివ్వకూడదని కొడుకులు ట్రంకు కాలులో మాట్లాడుకున్నారు. ఆ మాటలు పక్క వీధి దుకాణదారు చెవిన పడ్డాయి. సాయంత్రానికి వీధికంతా తెలిసింది, మరుసటి రోజు పలకరించడానికి వచ్చినవారి వల్ల ఆ పెద్దాయనకే తెలిసింది. మూడో రోజున నేను జాయింటు విప్పి తప్పు సరిచేసి, వాళ్లింటికి వెళ్లి క్షమించమన్నాను. కొడుకులు తిట్టారు, పడ్డాను. పెద్దాయన మాత్రం నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించి, ఒక్క మాట అడిగారు. తీగకు తీగ తగలనే లేదంటున్నావు కదా, మరి మాట ఎలా దూకింది బాబూ అని. నాకు జవాబు తెలియదు. పని తెలుసు, కారణం తెలియదు. ఆ ప్రశ్న పట్టుకుని ట్రెయినింగు సెంటరు లైబ్రరీలో వెదికితే, చివరకు గ్రాహంబెల్ దగ్గర తేలాను.

అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1847 మార్చి 3న స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టాడు. తండ్రి మెల్విల్ బెల్ ఉచ్చారణ నేర్పే పండితుడు. నోటిలో ఏ ధ్వని ఎక్కడ పుడుతుందో గుర్తులతో వ్రాసి చూపే ఒక లిపిని తయారు చేశాడు. తల్లి ఎలైజాకు చెవుడు. అందరూ ఆమెతో చెవిగొట్టంలో గట్టిగా మాట్లాడితే, ఈ పిల్లవాడు ఆమె నుదుటి దగ్గర నోరు పెట్టి తగ్గుస్వరంతో మాట్లాడేవాడట. ఆమెకు అదే బాగా తెలిసేదట. ధ్వనిని పెంచడం కంటే దాన్ని శుభ్రంగా చేర్చడం ముఖ్యమనే సంగతి ఆ ఇంట్లోనే ఆయనకు అబ్బిందని నా ఊహ.

ఇద్దరు సోదరులు క్షయతో పోయారు, 1867లో ఒకరు, 1870లో మరొకరు. మిగిలిన ఒక్క కొడుకునైనా దక్కించుకోవాలని తల్లిదండ్రులు 1870లో కెనడా వలస వెళ్లారు. మరుసటి ఏడు బెల్ బోస్టనుకు వచ్చి చెవిటి పిల్లలకు మాటలు నేర్పే పనిలో చేరాడు. అక్కడి శిష్యురాలే మేబెల్ హబ్బర్డ్. ఐదేళ్ల వయసులో విషజ్వరంతో వినికిడి పోయిన అమ్మాయి. 1877లో ఆమెనే పెళ్లాడి, టెలిఫోను కంపెనీలో తన వాటాలలో పది మాత్రం ఉంచుకుని మిగిలినవన్నీ ఆమెకు కానుకగా ఇచ్చేశాడు.

1876 మార్చి 7న పేటెంటు రావడం, మూడు రోజులకే పక్క గదిలోని వాట్సన్‌కు మాట చేరడం, ఆ జూన్‌లో ఫిలడెల్ఫియా ప్రదర్శనలో బ్రెజిల్ చక్రవర్తి ముక్కున వేలేసుకోవడం మీకు తెలిసినవే. అసలు తలనొప్పి తర్వాత మొదలైంది. అప్పటి టెలిఫోనుకు ఒక్కటే ఇనుప తీగ, తిరుగు దారి భూమి. టెలిగ్రాఫు తీగలు వెళ్లే స్తంభాల మీదే దీన్నీ లాగేవారు. చెవిన పెట్టుకుంటే పక్క తీగలలోని టెలిగ్రాఫు కట్టుకట్లు, కడాయిలో ఏదో వేగుతున్నట్టు చిటపటలు, వాటి మధ్య ఎక్కడో మనిషి గొంతు. టెలిఫోను ఎంత సున్నితమైన పనిముట్టో, దానికి అంత చెడ్డ చెవి. చెప్పినది వింటుంది, చెప్పనిదీ వింటుంది.

పెళ్లయ్యాక బెల్ దంపతులు ఇంగ్లండు వెళ్లి ఏడాదికి పైగా ఉన్నారు. అక్కడ బెల్ ఈ గోల వదిలించే ప్రయోగాలకు దిగాడు. ఆయనకు పట్టుబడిన కిటుకు ఏమిటంటే, గోలను ఆపడానికి బదులు, దానికి సమానమైన గోలను ఎదురుగా నిలబెట్టి రెంటినీ కొట్టివేయించడం. మన తక్కెడలో రెండు సిబ్బెలూ సమానమైతే ముల్లు కదలదు కదా, అలా.

ఆ ఆలోచన పండి 1881 జూలై 19న అమెరికాలో 244426 నంబరు పేటెంటుగా వచ్చింది. భూమిని నమ్ముకోవడం మానేసి, పోవడానికి ఒక తీగ, రావడానికి ఒక తీగ పెట్టి, ఆ రెంటినీ ఒకదాని చుట్టూ ఒకటి మెలివేయమన్నాడు. ఇది ఎలా పనిచేస్తుందో పిల్లలకు నేను ఇలా చెబుతాను. సాయంకాలం రోడ్డు మీద ఇద్దరు అన్నదమ్ములు పక్కపక్కన నడుస్తున్నారు, ఒకడు ఎండవైపు, ఒకడు నీడవైపు. ఎండవైపు వాడికే వేడి. వాళ్లు అడుగడుక్కీ చోటు మార్చుకుంటూ పోతే ఇంటికి చేరేసరికి ఇద్దరికీ ఒకే మోతాదు ఎండ తగులుతుంది. పక్క తీగ నుంచి వచ్చే ప్రేరణ ఆ ఎండ వంటిది. మెలిక వల్ల రెండు తీగలకూ సమానంగా సోకుతుంది. రిసీవరుకు తెలిసేది రెండు తీగల మధ్య తేడా మాత్రమే గనుక, తేడా లేని గోల దానికి వినబడదు. మాట మాత్రం ఒక తీగలో వెళ్లి మరో తీగలో తిరిగి వస్తుంది గనుక నిలుస్తుంది.

పక్కపక్క జతలకు ఒకే కొలత మెలిక ఉంటే రెంటి తీగలూ ఎప్పుడూ ఒకే తీరున ఎదురెదురుగా పడి మళ్లీ మాటలు కలుస్తాయి. అందుకే కేబులులో ఒక జతకు బిగుతు మెలిక, పక్క జతకు కాస్త వదులు మెలిక ఇస్తారు. మనవడి కేబులులోని నాలుగు జతలూ విప్పి చూడండి, నాలుగూ నాలుగు రకాలు. 1983లో నేను చెడగొట్టింది ఈ తక్కెడనే. వేరు వేరు మెలికలలోని తీగలను జత చేస్తే అన్నదమ్ములు చెరొక రోడ్డున పోయినట్టే. ఈ జవాబు నాకు దొరికేసరికి మజ్జిగ ఇప్పించిన ఆ పెద్దాయన కాలం చేశారు.

అదే 1881 వేసవిలో బెల్‌కు మరో పరీక్ష వచ్చింది. జూలై 2న వాషింగ్టన్ రైల్వే స్టేషనులో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్‌ను ఒక ఉన్మాది కాల్చాడు. ఒక గుండు శరీరంలోనే ఉండిపోయింది. ఎక్స్‌రే రావడానికి ఇంకా పద్నాలుగేళ్లు ఉంది. డాక్టర్లు కడగని వేళ్లు గాయంలో పెట్టి వెదుకుతున్నారు. బెల్‌కు ఇంగ్లండులో చేసిన తక్కెడ ప్రయోగం గుర్తుకొచ్చింది. రెండు తీగచుట్టలను ఒకదాని ప్రేరణ రెండోదానిలో రద్దయ్యేట్టు అమర్చితే టెలిఫోను నిశ్శబ్దంగా ఉంటుంది. దగ్గరకు లోహం వస్తే సమతూకం చెడి మోగుతుంది. ఈ సూత్రం మీదనే హ్యూస్ అనే ఆయన 1879లో ఒక పరికరం ప్రకటించి ఉన్నాడు. లైనులో శత్రువైన గోలనే ఇక్కడ దూతగా వాడుకోవడమన్నమాట.

బెల్, సహాయకుడు టెయింటర్ రాత్రింబగళ్లు పనిచేసి పరికరం సిద్ధం చేశారు. మాంసపు ముద్దలో గుండ్లు దాచి వెదికారు. పాత యుద్ధంలో తగిలిన గుండ్లు ఒంట్లో ఉండిపోయిన సైనికుల మీద పరీక్షించారు. జూలై 26న వైట్‌హౌసులో మొదటి ప్రయత్నం చేస్తే, హడావిడిలో ఒక కండెన్సరు తప్పుగా తగిలించడం వల్ల చిటపటలు తప్ప ఏమీ తేలలేదు. (ఇది చదివినప్పుడు నాకు కొంత ఊరట కలిగిందని ఒప్పుకుంటాను. అంతటివాడికీ కనెక్షను తప్పింది.) ఆగస్టు 1న రెండోసారి చూస్తే ఎక్కడ పెట్టినా సన్నగా మోత. తర్వాత విచారిస్తే తేలింది, రోగి పడుకున్న పరుపు కింద ఉక్కు తీగల అల్లిక ఉందట. పైగా ప్రధాన వైద్యుడు బ్లిస్ గుండు కుడివైపు ఉందన్న పట్టుదలతో ఆ పక్కనే వెదకనిచ్చాడు. శవపరీక్షలో అది ఎడమవైపు దొరికింది. సెప్టెంబరు 19న గార్‌ఫీల్డ్ చనిపోయాడు. ప్రాణం తీసింది గుండు కంటే చీము అని నేటి వైద్యుల మాట.

ఈ లోగా ఆగస్టు 15న మేబెల్‌కు నెలలు నిండకుండా కొడుకు పుట్టి, ఊపిరి అందక కొద్ది గంటలకే పోయాడు.  ఆ దుఃఖంలోనే ఊపిరి ఆడనివారి రొమ్ముకు తొడిగి గాలి ఆడించే ఒక లోహపు చొక్కాను తయారు చేశాడు. పత్రికలు మాత్రం గుండు వెదకడం బూటకమని ఎకసెక్కం చేశాయి. ఒక్క వేసవిలో ఒక పేటెంటు, ఒక ఓటమి, ఒక బిడ్డ. పేటెంటు సంగతి ఆ రోజుల్లో ఎవరికి పట్టింది?

కంపెనీలకూ పట్టలేదు. రెండు తీగలంటే ఖర్చు రెండింతలు. 1880ల చివరకు ఊళ్లలో విద్యుత్ ట్రాములు, దీపాలు వచ్చి ఒంటి తీగ లైన్లలో చెవులు చిల్లులు పడే హోరు పుట్టాకనే దారికి వచ్చారు. స్తంభాల మీది బారు తీగలను మెలివేయలేరు గనుక, కొన్ని స్తంభాలకొకసారి చోటు మార్చే పద్ధతి పెట్టారు. జాన్ కార్టీ అనే ఇంజనీరు దానికి లెక్కలు కట్టాడు. మనవాళ్లు ఎండలో స్తంభమెక్కి కట్టిన ట్రాన్స్‌పొజిషన్ బ్రాకెట్లు అవే.

బెల్ తర్వాతి జీవితం క్లుప్తంగా చెబుతాను. టెలిఫోను పేటెంటు మీద వందల దావాలు నడిచి 1888లో సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు ఇచ్చింది. వెలుతురు మీద మాట పంపే ఫోటోఫోనును 1880లోనే చేసి 213 మీటర్ల దూరం వినిపించాడు. దానికి తీగే లేదు, ప్రేరణ బాధా లేదు. మన ఆప్టికల్ ఫైబరుకు అది ముత్తాత. విమానాలు, నీటి మీద లేచి పరుగెత్తే పడవలు చేయించాడు. హెలెన్ కెల్లర్‌కు దారి చూపాడు. బధిరులకు సంజ్ఞల భాష వద్దు, పెదవుల కదలిక చూసి మాటే నేర్వాలని పట్టుబట్టింది కూడా ఆయనే. బధిరులలో చాలామంది దీన్ని ఈనాటికీ క్షమించలేదు, వారి కోపంలో న్యాయం ఉంది. తల్లికీ భార్యకీ సరిపడిన పద్ధతి అందరికీ సరిపడుతుందని ఆయన అనుకున్నాడు కాబోలు.

1915 జనవరి 25న న్యూయార్కులో కూర్చుని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఉన్న అదే వాట్సన్‌తో మాట్లాడాడు. తన చదువు గదిలో మాత్రం టెలిఫోను ఉంచుకునేవాడు కాదని చెబుతారు.

1922 ఆగస్టు 2న కెనడాలోని బడ్డెక్ దగ్గర తన ఇంట్లో కన్నుమూశాడు. మేబెల్ ఆయన చెయ్యి పట్టుకుని ఉంది. ఆగస్టు 4న సమాధి చేసే వేళ ఉత్తర అమెరికా అంతటా టెలిఫోన్లను ఒక్క నిమిషం ఆపివేశారు.

మా మనవడు ఆ పాత ప్లగ్గును పారేయకుండా నా బల్ల మీద పెట్టి వెళ్లాడు. స్ప్లిట్ పెయిరు చూడని వారెవరైనా మన సంఘం సభ్యులలో ఉంటే, వచ్చే నెల సమావేశానికి తెస్తాను.