అడవిపూలకు కాపలా కాసిన పంతులమ్మ

పార్కు అనగానే మనకు గులాబీలు, క్రోటన్లు, నున్నగా కత్తిరించిన పచ్చిక గుర్తొస్తాయి. దానంతటదే మొలిచిన మొక్క కనిపిస్తే కలుపనుకుని పీకేస్తాం. అలాంటి మొక్కల కోసమే పార్కులో చోటు అడిగి సాధించారు ఎలొయిజ్ బట్లర్.

1851లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, యాపిల్‌టన్ అనే చిన్న ఊళ్లో పుట్టారామె. చదువుకున్న ఆడవాళ్లకు టీచరు ఉద్యోగం తప్ప మరో దారి పెద్దగా లేని రోజులవి. 1874లో మినియాపొలిస్ వచ్చి, 1911 దాకా పాఠాలు చెప్పారు. ఆమెకిష్టమైన సబ్జెక్టు వృక్షశాస్త్రం. సెలవులొస్తే నీటి నాచు మొక్కల మీద పరిశోధన చేసేవారు. అందుకోసం జమైకా దాకా వెళ్లొచ్చారు. పెళ్లి చేసుకోలేదు.

ఈలోగా పిండి మిల్లులతో మినియాపొలిస్ బాగా పెరిగింది. చిత్తడి నేలలు ఎండగట్టి, చెట్లు కొట్టి ఇళ్లు కట్టేస్తున్నారు. ఏళ్ల తరబడి చూసిన మొక్కలు ఒక్కొక్కటే కనిపించకుండా పోతుంటే ఎలొయిజ్ ఊరుకోలేకపోయారు. తోటి టీచర్లను కూడగట్టి పార్కు బోర్డుకు అర్జీ పెట్టారు. 1907లో గ్లెన్‌వుడ్ పార్కులో మూడెకరాలు కేటాయించారు. కొంత చిత్తడి, కొంత గుట్ట. పురుగుల్ని పట్టి తినే కూజా మొక్క ఆ బురదలో అప్పటికే ఉంది. చుట్టుపక్కల ఎక్కడ నేల చదును చేస్తున్నారని తెలిసినా ఎలొయిజ్ అక్కడికి వెళ్లి, మొక్కల్ని వేళ్లతో సహా తవ్వి తెచ్చి నాటేవారు. ఏ మొక్క ఎక్కడ నాటిందీ, ఏది బతికిందీ రోజూ పుస్తకంలో రాసుకునేవారు.

1911లో రిటైరయ్యాక, నగర మహిళా క్లబ్బు పూనికతో ఆ తోటకు ఆమెనే సంరక్షకురాలిగా నియమించారు. అరవై ఏళ్ల వయసులో మొదలైన రెండో ఉద్యోగం అది! చలికాలం అక్కగారింట్లో గడిపి, మంచు కరగ్గానే తోటకు వచ్చేసేవారు.

నాటడం ఒక ఎత్తు, కాపాడుకోవడం మరో ఎత్తు. షికారుకొచ్చినవాళ్లు మొక్కలు తొక్కేసేవారు, పూలు కోసుకుపోయేవారు. ఆ ప్రాంతపు లేడీస్ స్లిప్పర్ అనే ఆర్కిడ్‌నే తీసుకోండి. విత్తనం మొలిచి మొదటి పువ్వు పూయడానికి పదహారేళ్లు కూడా పట్టొచ్చు. దాన్ని తవ్వుకుపోతే నష్టం ఒక్క ఏడాదితో తీరేది కాదు. కంచె వెయ్యమని అడిగి అడిగి విసిగిపోయి, చివరికి 1924లో తన సొంత డబ్బుతోనే వేయించారు.

1929లో బోర్డు ఆ తోటకు ఆమె పేరే పెట్టింది. 1933 ఏప్రిల్ 10న, 81 ఏళ్ల వయసులో, తోటకు వెళుతూ దారిలో కుప్పకూలి, ఆ రోజే కన్నుమూశారు. కోరిక ప్రకారం ఆమె చితాభస్మాన్ని ఆ మొక్కల మధ్యే చల్లారు.

ఆ తర్వాత ఆమె శిష్యురాలు మార్తా క్రోన్ ఆ బాధ్యత తీసుకున్నారు. పాతికేళ్లకు పైగా తోటను చూసుకున్నారు. 1944లో గడ్డిమైదానపు మొక్కలకూ చోటు కలిపించారు. మూడెకరాలతో మొదలైన తోట ఇప్పుడు దాదాపు పదిహేనెకరాలు. అమెరికాలో ప్రజల కోసం ఏర్పాటైన అడవిపూల తోటల్లో ఇదే అన్నిటికన్నా పాతదంటారు. ఊళ్లోవాళ్లు కలుపనుకునే మొక్కల్ని ఒక పంతులమ్మ పేరు పెట్టి పిలిచి, లెక్క రాసి, కాపలా కాసినందుకే అవి అక్కడ మిగిలాయి.