వడ్డాది పాపయ్య

హోసూరు, కృష్ణగిరి ప్రాంతాల్లో మన పెద్దలు తమ చిన్నతనంలో ‘చందమామ’ చదివేవారు. పక్కింటి తమిళ పిల్లలు అదే పత్రికను ‘అంబులిమామ’గా చదివేవారు. భాషలు వేరైనా బొమ్మలు ఒక్కటే. మద్రాసులో వెలువడిన ఆ పత్రికకు 1960 ప్రాంతం నుండి సుమారు మూడు దశాబ్దాలు ఎన్నో ముఖచిత్రాలు వేసినవారు వ.పా., అనగా వడ్డాది పాపయ్య.

ఆయన 1921 సెప్టెంబరు 10న శ్రీకాకుళంలో జన్మించారు. తండ్రి రామమూర్తి చిత్రలేఖన ఉపాధ్యాయులు. ఇంట్లోని రవివర్మ చిత్రాన్ని చూసి పాపయ్య పసితనంలోనే బొమ్మ గీశారు.

రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు 1925లో, 28వ ఏటనే మరణించారు. పాపయ్య ఆయనను కలుసుకోలేకపోయినా, ఆయన చిత్రాలు చూసి ఉత్తేజం పొందారు. రామారావు మిత్రులైన వరదా వెంకటరత్నం పాపయ్యకు గురువయ్యారు.

పెద్దల వద్ద నేర్చిన విద్యకు పాపయ్య తాను చూసిన లోకాన్ని జోడించారు. పల్లెలు, పండుగలు, ఋతువులు, చీరకట్టు, నగలు శ్రద్ధగా గమనించి, పురాణ పాత్రలకు సైతం తెలుగుదనం కల్పించారు. అందుకే సంతకం చూడకుండానే ఆయన బొమ్మను గుర్తుపట్టవచ్చు.

ప్రచారం కోరని పాపయ్య అనకాపల్లి దగ్గరి కశింకోటలో నిరాడంబరంగా జీవించి, 1992 డిసెంబరు 30న కన్నుమూశారు. పాత చందమామ దొరికితే, అట్టమీద ఆ రెండక్షరాల సంతకం కోసం వెతకండి.