భూమి ముచ్చటల పార్టీల తేడా: రావి నారాయణరెడ్డి బతుకు చెప్తది

ఎలక్షన్లు రాంగనే మన వాట్సాప్ గ్రూపులల్ల జెండాల కొట్లాట మొదలైతది. ఏ లీడర్ ఎవల్ని తిట్టిండు, ఎవలు ఏ పార్టీలకు దుంకిండ్రు, ఇదే లొల్లి. భూమి మీద ఏ పార్టీది ఏ దారి అని అడిగెటోడు దొరకడు. అందుకే మా నల్లగొండ దిక్కు మనిషి రావి నారాయణరెడ్డి గురించి రాస్తున్న. పార్టీకీ పార్టీకీ తేడా ఎక్కడుంటదో ఆయన బతుకుల సాఫ్ కనవడుతది.

ఆయన 1908ల భువనగిరి దగ్గర బొల్లేపల్లిల పుట్టిండు. భూములున్న ఇల్లు. ముందుగాల గాంధీ బాట పట్టిండు, హరిజన సేవా సంఘంల పనిజేసిండు. 1938ల స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహంల దిగిండు. ఆ తర్వాత కమ్యూనిస్టు అయిండు.

అసలు పంచాయితీ ఆంధ్ర మహాసభల మొదలైంది. మితవాదులకు బడులు, భాష, మెల్లగ వచ్చే సంస్కరణలు కావాలె. నారాయణరెడ్డి దిక్కున్నోళ్లకు వెట్టిచాకిరి, కౌలుదారు, ధాన్యం లెవీ ముందు తేలాలె. 1944ల భువనగిరి సభకు ఆయనే అధ్యక్షుడు. సభ్యత్వం అణాకు తగ్గించిండ్రు. కూలోడు సుత సంఘంల చేరిండు. మితవాదులు బయటికి పోయి వేరే సభ పెట్టుకున్నరు.

1946 జులై 4న కడవెండిల దొడ్డి కొమురయ్య పానం పోయినంక పోరు ఊరూరికి అంటుకున్నది. నిజాం, దేశ్‌ముఖ్‌ల మీద జనం ఎదురుతిరిగిండ్రు. సంఘం భూములు పంచింది. పది లక్షల ఎకరాలు పంచినమని కమ్యూనిస్టుల లెక్క.

1948 సెప్టెంబర్‌ల మిలట్రీ వచ్చినంక భూమికి మూడు దార్లు ఎదురెదురుగ నిలవడ్డయ్. కమ్యూనిస్టులది దున్నెటోడే భూమి గుంజుకునే దారి. కాంగ్రెసోళ్లది చట్టం దారి. 1949ల సర్కారు జాగీర్లు రద్దయినయ్, 1950ల కౌల్దారీ చట్టం వచ్చింది. చట్టం మంచిదే గని, చేతుల కాయితం లేని కౌలుదారు తనది తనదని చూపిచ్చుడు కష్టమైంది. మూడోది వినోబా భావే దారి. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిల వెదిరె రామచంద్రారెడ్డి నూరెకరాలు దానమిచ్చిండు, భూదానం అట్ల షురువైంది. గుంజుకునుడు, చట్టం, దానం. మూడిట్ల ఎవలికి హక్కు అయితది, ఎవలు దయ మీద బతుకుతరు అన్నదే తేడా.

నాకు నారాయణరెడ్డిల నచ్చేది ఇంకోటున్నది. మిలట్రీ మీద తుపాకి పోరు నడుపుడు తప్పని ఆయన సొంత పార్టీల కొట్లాడిండు. పార్టీల ఆయన మీద మస్తు విమర్శలొచ్చినయ్. అయినా మాట మార్చలే. ఆఖరికి 1951 అక్టోబర్‌ల పోరాటం ఆగింది. అట్లని భూమి ముచ్చట ఇడ్సిపెట్టలే. దాన్నే ఓట్లకు తీస్కపోయిండు. హైదరాబాద్ రాష్ట్రంల పార్టీ మీద నిషేధం ఉండంగ, 1952ల పీడీఎఫ్ పేరు మీద నల్లగొండల నిలవడి మూడు లక్షలకు పైగ ఓట్లు తెచ్చుకున్నడు. నెహ్రూకు ఆయన సీట్ల పడ్డ ఓట్లకన్న ఎక్కువ. రాష్ట్రంల మాత్రం కాంగ్రెస్ గెల్సింది, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయిండు. తుపాకి మీది పంచాయితీ అసెంబ్లీలకు మారింది.

నారాయణరెడ్డి 1991ల పోయిండు. ఆయన పట్టుకున్న సవాలు మాత్రం ఇంకా బతికే ఉన్నది. 2018ల రైతుబంధు వచ్చినప్పుడు పైసలు పట్టాదారుకు పోయినయ్, చేన్ల చెమటోడ్చే కౌలుదారుకు రాలే. ఎవుసం చేసెటోడికి సాయమా, పట్టా ఉన్నోడికి సాయమా? డెబ్బై ఏండ్ల కింది పంచాయితే కొత్త బట్టలేసుకొని వచ్చింది.

తమ్ముండ్లారా, చెల్లెండ్లారా, ఓటు మీ ఇష్టం, ఏ గుర్తుకైనా ఏసుకోండ్రి. గని మీ ఊర్లెకు ప్రచారం బండి వచ్చినప్పుడు మూడు అడుగుండ్రి: కౌలుదారు పేరు రికార్డుల ఎక్కిస్తరా? ఎన్నెకరాల దాకా సాయం ఇస్తరు? భూమి లేని కూలీకి ఏమున్నది? జవాబు చెప్పకుంట పక్క పార్టీని తిట్టెటోనికి భూమి మీద దారే లేదన్నట్టు. జవాబు చెప్పినోళ్ల మాటలు పక్కపక్కన పెట్టి చూడుండ్రి. పార్టీల తేడా జెండా రంగుల కాదు, అక్కడ దొరుకుతది.